మత్తడి కింద నత్రజని: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ మురుగునీటి చరిత్ర

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల మురుగునీటి దారిని మొదట నిర్ణయించింది హుస్సేన్‌సాగర్ మత్తడి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో, 1562లో, హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్ల ఎత్తున ఉంది. అది దాటిన నీరు మత్తడి దూకి కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్‌ల పక్కగా దిగి, చిక్కడపల్లికీ నారాయణగూడకూ నడుమ నుంచి బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాకల మీదుగా అంబర్‌పేట దగ్గర మూసీలో కలుస్తుంది. ఈ మిగులు కాలువనే ఇప్పుడు హుస్సేన్‌సాగర్ నాలా అంటున్నారు. చెరువు కింద పొలాలూ తోటలూ ఉన్నంత కాలం అందులో నడిచింది వాననీరే. కాలువ రెండు వైపులా ఇళ్లు లేచాక ఏ ఇంటి వాడకపు నీరైనా నేల వాలును పట్టుకుని అక్కడికే చేరింది. తరువాత భూగర్భంలో గొట్టాలు వేసినా అవీ ఆ వాలునే అనుసరించాయి. నాలుగున్నర శతాబ్దాల కిందటి మత్తడి చూపిన దిక్కే ఇప్పటికీ ఈ పేటల మురుగు పోయే దిక్కు.

ఆ మురుగులో కంటికి కనబడేది చెత్త, ముక్కుకు తెలిసేది గంధకపు వాయువు. కంటికీ ముక్కుకూ అంతగా అందనిది నత్రజని. ఒక మనిషి నుంచి రోజుకు సుమారు పది గ్రాముల నత్రజని బయటికి పోతుంది. అందులో ఎక్కువ భాగం మూత్రంలో యూరియాగా ఉంటుంది. గొట్టంలో పారుతుండగానే సూక్ష్మజీవుల ఎంజైము ఆ యూరియాను విరగ్గొడుతుంది. అందువల్ల శుద్ధి కేంద్రానికి చేరేసరికి నత్రజనిలో చాలా భాగం అమోనియాగా మారి ఉంటుంది. దాన్ని అలాగే నదిలోకి వదిలితే రెండు విధాల కీడు. ఒక గ్రాము అమోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ప్రాణవాయువు కావాలి. అంత ప్రాణవాయువును నది నుంచి లాగేస్తే చేపలకు మిగలదు. ఇక అప్పటికే నైట్రేట్‌గా మారినది నేలలోకి ఇంకితే బోరు నీటిలో తేలుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. అది మించితే పాలు తాగే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి, ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది.

గొట్టాలు రాకముందు నగరంలోని నత్రజని ఇంత దూరం పోయేది కాదు. పాయఖానాల నుంచి తెల్లవారుజామున మలాన్ని ఎత్తి, బండ్ల మీద ఊరి బయటికి తోలి, గుంతల్లో మగ్గబెట్టి ఎరువు చేయడం భారతీయ పట్టణాల్లో మున్సిపల్ పద్ధతిగా ఉండేది. ఆ విధంగా నత్రజని తిరిగి మట్టికే చేరేది. లెక్క చూస్తే మంచి పద్ధతిలా కనిపిస్తుంది గానీ, ఆ బరువంతా కొన్ని కులాల వాళ్ల నెత్తి మీద నడిచింది. అందుకే ఆ కాలాన్ని ప్రకృతితో పొత్తు కుదిరిన రోజులుగా పొగిడే రాతలను జాగ్రత్తగా చదవాలి. పొడి పాయఖానాల మీద నిషేధ చట్టం 1993లో గాని రాలేదు. చేతులతో మలం ఎత్తే పనిని పూర్తిగా నిషేధిస్తూ మరింత గట్టి చట్టం 2013లో వచ్చింది.

హైదరాబాదుకు భూగర్భ మురుగు వ్యవస్థ రావడానికి మూలం ఒక వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగు పారుదల పథకం కూడా అవసరమని చెప్పారు. జలాశయాలు ముందు లేచాయి: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోపు 1911లో ప్లేగు వచ్చింది, ఇరుకు బస్తీలను బాగు చేయడానికి నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మురుగు గొట్టాల పని అన్నిటికన్నా వెనకబడి, 1931 నాటికి ఒక రూపానికి వచ్చింది. సుమారు 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి, 4 లక్షల 68 వేల జనాభాకు సరిపోయేలా దాన్ని వేశారు. తరువాత వచ్చిన తిప్పలన్నిటికీ మూలం ఈ రెండు అంకెల్లోనే ఉంది.

అప్పటికే మురుగునీటిలో నత్రజని గుట్టు శాస్త్రానికి తెలుసు. 1877లో పారిస్‌లో ష్లోసింగ్, మ్యుంజ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవాటి గొట్టంలో మురుగునీటిని నెమ్మదిగా వదిలారు. కొన్ని వారాల తరువాత అడుగున దిగే నీటిలో అమోనియా పోయి నైట్రేట్ కనిపించింది. క్లోరోఫాం ఆవిరి తగలగానే ఆ మార్పు ఆగిపోయింది. చచ్చిన రసాయనానికి క్లోరోఫాం మత్తు ఎక్కదు కాబట్టి పని చేస్తున్నది ప్రాణమున్నదేనని తేలింది. 1880లలో గేయాన్, డుపెటీ నైట్రేట్‌ను వాయువుగా మార్చే సూక్ష్మజీవులను వేరుచేశారు. 1890లో విన్‌గ్రాడ్‌స్కీ అమోనియాను తిని బతికే బ్యాక్టీరియాను వేరుచేశాడు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెన్, లాకెట్ మురుగునీటికి గాలి పట్టించి, అడుగున పేరుకున్న బురదను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడితే నీరు గంటల్లో శుభ్రపడుతుందని చూపించారు. చైతన్యవంతమైన బురద అనే అర్థంలో దానికి యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పేరు పెట్టారు. వారిని ఆ దారిలో పెట్టిన గిల్బర్ట్ ఫౌలర్ రెండేళ్లకే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడిగా చేరాడు. అంటే హైదరాబాదులో గొట్టాల పని ఒక రూపానికి రాకముందే ఆ విద్య తెలిసిన మనిషి బెంగళూరు దాకా వచ్చాడు. అయినా అప్పటి ఇంజనీర్లకు మురుగును ఊరు దాటించడమే పెద్ద పని. అందులోని నత్రజనిని ఏం చేయాలన్నది వాళ్ల పట్టికలో లేదు. కలరా, టైఫాయిడ్ ఏటా జనాన్ని తీసుకుపోతున్న నగరంలో అది తప్పు కూడా కాదు.

బ్యాక్టీరియాను లెక్కపెట్టే పని మాత్రం ఈ పేటలోనే జరిగింది. నారాయణగూడలో జనం ఐపీఎం అని పిలిచే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు నగరపు కుళాయి నీటి నమూనాలు పరీక్షకు వస్తాయి. కలుషితాన్ని పట్టే పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. వరసగా పెట్టిన గాజు గొట్టాల్లో ఊదారంగు ద్రావణం, ప్రతి గొట్టంలో బోర్లించిన మరో బుల్లి గొట్టం. అందులో కొలిచిన నీరు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచుతారు. మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉంటే ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది, బోర్లించిన గొట్టంలో గాలి బుడగ నిలుస్తుంది. ఎన్ని గొట్టాల్లో బుడగ వచ్చిందో చూసి పట్టిక ప్రకారం అంకె రాస్తారు. తాగే నీటిలో ఈ బుడగ వచ్చిందంటే ఎక్కడో మురుగు గొట్టమూ మంచినీటి గొట్టమూ కలిశాయేమోనని అనుమానించాలి. 2009 మే నెలలో ఈ పేటలకు దగ్గరే ఉన్న భోలక్‌పూర్‌లో ఆ కలయికే పలువురి ప్రాణాలు తీసింది.

గొట్టాలు అలా కలవడానికి ఒక కారణం కిక్కిరిసిన నేల. స్వాతంత్ర్యం తరువాత మత్తడి కింది ప్రాంతం వేగంగా నిండింది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, ఆర్టీసీ చౌరస్తాలో సినిమా హాళ్లు, నారాయణగూడలో కళాశాలలు వచ్చాయి. ఆ తరువాత అశోక్‌నగర్ పోటీ పరీక్షల కోచింగ్‌కు పెట్టింది పేరయింది. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే జిల్లాల నుంచి పిల్లలు పెట్టెలతో దిగుతారు. ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు అంతస్తులుగా లేచి, గదికి ముగ్గురు నలుగురు ఉండే హాస్టల్ అవుతుంది. వీధిలోని గొట్టం మాత్రం పాత కొలతదే. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు దాని మీద పడే ఒత్తిడి పగటి సగటు కన్నా చాలా ఎక్కువ. అడుగున మెస్సుల నూనె జిడ్డు పేరుకుంటే మ్యాన్‌హోల్ మూతలు లేచి నీరు రోడ్డెక్కుతుంది. 1989లో ఏర్పడిన జలమండలికి ఈ సందుల్లో పెద్ద యంత్రాలు దూరకపోవడమే ఏళ్ల తరబడి సమస్యగా ఉండింది. 2017లో దళిత పారిశ్రామికవేత్తలకు యాజమాన్యం ఇచ్చి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను నగరంలో దించడానికి ఇదొక కారణం, మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దించకూడదన్నది మరొకటి.

నాలా కూడా అదే దారిలో నడిచింది. ఇళ్లు దాని గట్ల దాకా వచ్చాయి, గొట్టాలు మోయలేని మురుగు అందులోకి తిరిగింది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, మళ్లీ 2020 అక్టోబరులో, మత్తడి కింది కాలనీల ఇళ్లలోకి నీరు వచ్చింది. వానాకాలంలో వరద కాలువ, మిగతా నెలల్లో మురుగు కాలువ అయిన దానికి రెండు పనులకూ సరిపడా వెడల్పు మిగల్లేదు.

ఇంత మురుగూ చేరిన మూసీ కింద జరిగింది మాత్రం ఎవరూ పథకం వేయనిది. అంబర్‌పేట దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం మొదలుకొని రైతులు ఆ నీటితోనే పశువులకు పారాగడ్డి, సంతకు తోటకూర, పాలకూర, ఇంకా కిందికి పోతే వరి పండించారు. పాత కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర నీరు నిలిచి, కాలువల్లోకి మళ్లి, మడుల్లో ఆగి, మళ్లీ నదిలోకి దిగేది. పటాన్‌చెరులో కార్యాలయమున్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000ల తొలి ఏళ్లలో ఈ సాగును వివరంగా చూశారు. నగరం నుంచి దిగువకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కత్వ తరువాత కత్వ దాటుతూ, నీరు తనంతట తానే చాలావరకు తేటపడుతున్నదని వాళ్లు చూపించారు. నత్రజని విషయంలో ఇందులో వింత లేదు. గడ్డి అమోనియాను పీలుస్తుంది. వరి మడిలో పైపొర నీటిలో గాలి ఉంటుంది, కింది బురదలో ఉండదు. పైన నైట్రేట్ తయారవుతుంది, కింద అది వాయువై ఎగిరిపోతుంది. నత్రజనిని తొలగించే శుద్ధి కేంద్రం కాంక్రీటు తొట్లలో చేసేది కూడా ఇదే. కాకపోతే ఈ పద్ధతికి మైళ్ల కొద్దీ పొలం కావాలి, మురుగులో కాళ్లు పెట్టి నిలబడే రైతు కావాలి. చర్మవ్యాధి, కడుపులో పురుగులు ఆ రైతు వంతు.

2000లలో జాతీయ నదీ పరిరక్షణ పథకం కింద అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శుద్ధి కేంద్రం వచ్చింది. చిక్కడపల్లి మురుగుకు అదే గమ్యం. అక్కడ ఎంచుకున్నది యూఏఎస్‌బీ పద్ధతి. డచ్చి ఇంజనీరు లెటింగా 1970లలో రూపొందించిన ఈ పద్ధతిలో మురుగునీరు గాలి లేని తొట్టి అడుగు నుంచి పైకి, దట్టమైన బురద దుప్పటి గుండా లేస్తుంది. బ్యాక్టీరియా అందులోని సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తుంది. గాలి కొట్టే కరెంటు ఖర్చు లేదు, పైగా గ్యాస్ మిగులుతుంది. వేడి దేశానికి, డబ్బుకు ఇబ్బంది పడే బోర్డుకు ఇంతకన్నా నచ్చే పద్ధతి దొరకదు. లోపం ఒక్కటే, అది చిన్నది కాదు: గాలి లేని చోట అమోనియా కదలదు. పైగా ప్రొటీన్లు విరిగి అది కొంత పెరుగుతుంది కూడా. ఇంకో చిక్కు తరువాత బయటపడింది. నైట్రేట్‌ను వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు తిండిగా కార్బన్ కావాలి. ఆ కార్బన్‌ను యూఏఎస్‌బీ ముందే గ్యాస్ చేసేస్తుంది. కనుక ఇలాంటి కేంద్రానికి వెనక నత్రజని తొలగించే తొట్టి తగిలించడం అనుకున్నంత సులువు కాదు.

అప్పటి నిబంధన ప్రకారం అది పెద్ద దోషమూ కాదు. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో నదుల్లోకి వదిలే నీటికి అమోనియా నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని ఉండేది. మామూలు పట్టణ మురుగులో శుద్ధికి ముందే దాదాపు అంత మాత్రమే ఉంటుంది. అంటే ఆ హద్దు ఉన్నా లేనట్టే. 2015 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో మొత్తం నత్రజనిని 10 మిల్లీగ్రాములకు కుదించింది. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ వరస మాయమైంది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సడలింపును ఒప్పుకోక, పెద్ద నగరాలకు మొత్తం నత్రజని 10, ఫాస్ఫరస్ 1 మిల్లీగ్రాము మించకూడదని ఆదేశించింది. మూడున్నరేళ్లలో ఒకే అంకె రావడం, పోవడం, మళ్లీ రావడం చూస్తే, ఖర్చు మాట ఎత్తగానే మొదట బలయ్యేది నత్రజనేనని తెలుస్తుంది.

పది మిల్లీగ్రాములకు దించాలంటే రెండు రకాల బ్యాక్టీరియాను ఒకే కేంద్రంలో సాకాలి. గాలి ఉన్న తొట్టిలో నైట్రోసోమోనాస్ వంటివి అమోనియాను నైట్రైట్ చేస్తాయి, నైట్రోస్పైరా వంటివి దాన్ని నైట్రేట్ చేస్తాయి. ఆ నీటిని గాలి లేని తొట్టికి తిప్పితే అక్కడి బ్యాక్టీరియా ప్రాణవాయువు బదులు నైట్రేట్‌ను వాడుకుని, నత్రజనిని బుడగలుగా గాలిలోకి వదులుతుంది. గాలి లేని తొట్టిని ముందు పెట్టడంలో కిటుకు ఉంది: తాజా మురుగులోని కార్బన్ తిండిగా దొరుకుతుంది, నైట్రేట్ తయారీలో ఖర్చయిన క్షారంలో సగం తిరిగి వస్తుంది. 1962లో లడ్జాక్, ఎటింజర్ ఈ ఏర్పాటు చూపారు. 1970లలో దక్షిణాఫ్రికాలో బర్నార్డ్ దాన్ని నాలుగు దశలకు పెంచాడు.

కష్టమంతా మొదటి రకంతోనే. మురుగులోని మామూలు బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది, అమోనియా తినేవాటికి రోజు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. విష రసాయనాలు తగిలినా, గాలి తగ్గినా ముందు పోయేవి ఇవే. తేరుకునేసరికి వారాలు గడుస్తాయి. సాధారణ కేంద్రంలో బురదను అడుగుకు దించి తిరిగి తొట్టికి పంపుతారు. బురద సరిగా దిగని రోజు, వాన వరద గొట్టాల్లో పడ్డ రోజు, ఇవి కొట్టుకుపోతాయి. ఈ చిక్కు విప్పింది మెంబ్రేన్ బయోరియాక్టర్. 1960ల చివర అమెరికాలో డార్-ఆలివర్ కంపెనీ బురదను దించే తొట్టి బదులు సన్న రంధ్రాల పొర పెట్టింది. నీటిని పొర గుండా గట్టిగా తోయాలి గనుక కరెంటు బిల్లు భరించలేనంత వచ్చేది. 1989లో జపాన్‌లో యమమొటో బృందం పొరనే తొట్టిలో ముంచి, లోపలి నుంచి మెల్లగా పీల్చింది. ఖర్చు ఒక్కసారిగా దిగింది. ఆ తరువాత జపాన్‌లో కుబోటా పలకలు, కెనడాలో జెనాన్ బోలు దారాలు మార్కెట్లోకి వచ్చాయి.

దగ్గర నుంచి చూస్తే బోలు దారం సేమియా అంత మందాన ఉండే తెల్లటి గొట్టం. వేల దారాలు చట్రానికి కట్టి వేలాడుతుంటాయి. దారం గోడలోని రంధ్రం ఒక మైక్రానులో పదో వంతు, ఇంకా తక్కువ. బ్యాక్టీరియా దాదాపు ఒక మైక్రాను ఉంటుంది కాబట్టి లోపలికి దూరలేదు. అలా తొట్టిలో బురద చిక్కదనం మామూలుకు మూడు రెట్ల వరకు పెంచవచ్చు, నిదానంగా పెరిగే జాతులు బయటికి జారవు, నీరు ఎంత దిగబడ్డా బ్యాక్టీరియా నిలుస్తుంది. బదులుగా పొర పూడుకుపోతుంది. కింద నుంచి పెద్ద బుడగలు వదిలి దారాలను ఎప్పుడూ ఊపుతూ ఉండాలి, కొన్ని నిమిషాలకోసారి నీటిని వెనక్కి తోయాలి, నెలకోసారైనా హైపోక్లోరైట్‌తో కడగాలి. వెంట్రుకలు, పీచు తొట్టిలోకి రాకుండా ముందు సన్న జల్లెడ తప్పదు. లేకపోతే దారాలు జడలు కట్టి చట్రం మొత్తం ఎత్తాల్సి వస్తుంది.

1995లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఈస్టు కర్మాగారపు తొట్టిలో ముల్డర్ బృందం నత్రజనిని తొలగించే మరో దారి కనిపెట్టింది. గాలి లేని చోట అమోనియా, నైట్రైట్ రెండూ కలిసి నేరుగా వాయువవుతున్నాయి. ఆస్ట్రియా శాస్త్రవేత్త బ్రోడా 1977లోనే కాగితం మీద ఊహించిన ఈ చర్యకు అనమాక్స్ అని పేరు. దానికి కార్బన్ అక్కర్లేదు, గాలి ఖర్చు చాలా తక్కువ. కానీ అనమాక్స్ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాబట్టి వాటిని తొట్టిలో నిలిపి ఉంచే పొర వంటి ఏర్పాటు ఇక్కడ మరీ అవసరం. కార్బన్ మిగల్చని యూఏఎస్‌బీ తొట్టి వెనక అమర్చడానికి, వెచ్చని మురుగు దొరికే హైదరాబాదు వంటి చోటుకు, సిద్ధాంతంలో ఇంతకన్నా తగిన జత లేదు. పలచని పట్టణ మురుగులో దీన్ని స్థిరంగా నడపడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. రాటర్‌డామ్‌లో 2002లో మొదలైన తొలి పెద్ద కేంద్రం కూడా బురద నుంచి పిండిన చిక్కని నీటికే పరిమితం.

భారతదేశంలో మెంబ్రేన్ పద్ధతి చోటు తక్కువగా ఉండి, నీటికి తిరిగి గిరాకీ ఉన్న చోట్ల ముందు వచ్చింది. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ అక్షర్‌ధామ్ దగ్గర, తోటలకు నీటి కోసం బెంగళూరు కబ్బన్ పార్కులో ఇలాంటి కేంద్రాలు కట్టారు. హైదరాబాదు వేరే దారి పట్టింది. 2021లో నగరంలో రోజుకు పుట్టే సుమారు 1,650 ఎంఎల్‌డీ మురుగులో 25 కేంద్రాలు కలిపి 772 ఎంఎల్‌డీ మాత్రమే శుద్ధి చేస్తున్నాయని లెక్క తేలాక, మొత్తం 1,259.5 ఎంఎల్‌డీతో 31 కొత్త కేంద్రాలను ప్రభుత్వం రూ. 3,866 కోట్లతో మంజూరు చేసింది. వాటికి ఎంచుకున్నది ఎస్‌బీఆర్ పద్ధతి. ఒకే తొట్టిలో నీరు నింపడం, గాలి కొట్టడం, ఆపడం, తేటను తీయడం గడియారం ప్రకారం సాగుతాయి. గాలి కొట్టిన వేళ నైట్రేట్ తయారై, ఆపిన వేళ వాయువై పోతుంది. పొరల కొనుగోలు, కొన్నేళ్లకోసారి మార్పిడి, వాటిని ఊపే బుడగల కరెంటు లేవు. స్థలం కొంచెం ఎక్కువ పడుతుంది. మూసీ ఒడ్డున ఆ స్థలం దొరుకుతుంది.

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఆ స్థలమూ దొరకదు. వాటి మురుగు నాలా వాలు వెంట పోయే గొట్టాల్లోనే అంబర్‌పేటకు దిగుతుంది. అక్కడ పాత యూఏఎస్‌బీ పక్కన కట్టేందుకు 2021 జాబితాలో చేర్చిన కొత్త ఎస్‌బీఆర్ కేంద్రం సామర్థ్యం 212.5 ఎంఎల్‌డీ.